బ్రేక్ పెడల్ మెత్తబడితే లోపం ఎక్కడున్నట్టు?

పుదుచ్చేరి పట్టణానికి పడమర వైపున ఉన్న ప్రాంతం కదిర్కామం. ఇందిరా గాంధీ వైద్య కళాశాల, పరిశోధన సంస్థ ఇక్కడే ఉంది. ఆసుపత్రికి వచ్చిపోయే అంబులెన్సులు, బస్సులు, ఆటోలు, ద్విచక్ర వాహనాల మధ్య వళుదావూర్ రోడ్డు మీద కారు నడిపేవారికి బ్రేక్ పెడల్‌తో మాటిమాటికీ పని పడుతుంది. అయితే పట్టణం చదునైనది, వేగమూ తక్కువే. అందువల్ల బ్రేకుల్లో ఏదైనా లోపం మొదలైనా అది ప్రమాదంగా మారి బయటపడడానికి చాలా కాలం పట్టవచ్చు. పెడల్ ఇదివరకటి కంటే లోపలికి వెళుతోందనీ, కాలి కింద స్పాంజిలా అనిపిస్తోందనీ తెలుస్తున్నా, 'బండి ఆగుతోంది కదా' అని ఊరుకోవడం సులభం.

పవర్ బ్రేకులున్న కారులో పెడల్ మెత్తబడితే అనుమానం ముందుగా బూస్టర్ మీదికి పోతుంది. దానికి కారణం ఉంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు రాయిలా గట్టిగా ఉండే పెడల్, ఇంజన్ స్టార్ట్ చేయగానే మెత్తబడుతుంది. అంటే మెత్తదనం బూస్టర్ వల్లే వచ్చిందని అనిపిస్తుంది. అలా అనుకుని బూస్టర్ మార్పిస్తే డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. బూస్టర్ చెడిపోతే పెడల్ సాధారణంగా గట్టిపడుతుంది. మెత్తదనానికి కారణాన్ని చాలావరకు బ్రేక్ ఫ్లూయిడ్ ప్రవహించే దారిలో వెతకాలి. ఈ రెండింటినీ విడదీసి చూడడానికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పెడల్ వెనుక ఏం జరుగుతుందో తెలిస్తే చాలు.

కాలి బలం చక్రం దాకా చేరే దారి

ఒక పాత్రలో మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, ఆ ఒత్తిడి ద్రవంలో అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ వివరించిన ఈ సూత్రమే హైడ్రాలిక్ బ్రేకులకు ఆధారం. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులున్న కారు 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కంపెనీ నుంచి వచ్చింది. ఇనుప కడ్డీలు, తీగలు చేసే పనిని అప్పటి నుంచి క్రమంగా ద్రవం చేపట్టింది.

లెక్క చూస్తే ఈ ఏర్పాటు గొప్పతనం తెలుస్తుంది. ఒక చిన్న కారులో డ్రైవరు పెడల్ మీద 10 కిలోల బలం వేశాడనుకుందాం. పెడల్ ఒక మీట లాంటిది. దాని పొడవు వల్ల ఆ బలం 4 రెట్లయి 40 కిలోలవుతుంది. బూస్టర్ దాన్ని మరో 4 రెట్లు చేస్తే 160 కిలోలవుతుంది. ఈ బలం మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద పడుతుంది. పిస్టన్ వ్యాసం 2 సెంటీమీటర్లయితే దాని వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. అంటే ఫ్లూయిడ్‌లో ప్రతి చదరపు సెంటీమీటరుకూ సుమారు 50 కిలోల ఒత్తిడి ఏర్పడుతుంది. ముందు చక్రం దగ్గర కాలిపర్ పిస్టన్ వ్యాసం 5 సెంటీమీటర్లయితే, అక్కడ ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కే బలం దాదాపు 1,000 కిలోలు. పెడల్ మీద వేసిన 10 కిలోలు చక్రం దగ్గరికి చేరేసరికి ఇంతగా పెరిగాయి.

ఇదంతా జరగాలంటే ద్రవం నొక్కుడుకు లొంగకూడదు. బ్రేక్ ఫ్లూయిడ్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. పైన చెప్పిన 50 కిలోల ఒత్తిడి వద్ద కూడా దాని ఘనపరిమాణం వెయ్యింట మూడు వంతులకు మించి తగ్గదు. అందుకే మంచి స్థితిలో ఉన్న పెడల్ కొద్ది దూరం వెళ్ళి గట్టిగా ఆగిపోతుంది.

బూస్టర్ ఏం చేస్తుంది?

ఇంజన్ గదిలో డ్రైవరు వైపు, గోడకు ఆనుకుని ఉండే గుండ్రటి నల్లటి డబ్బా బూస్టర్. దాని లోపల రబ్బరు పొర, అంటే డయాఫ్రం, డబ్బాను రెండు గదులుగా విడదీస్తుంది. పెట్రోలు ఇంజన్ గాలిని లోపలికి పీల్చుకునేటప్పుడు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఏర్పడే శూన్యం ఒక గొట్టం ద్వారా బూస్టర్‌కు అందుతుంది. డీజిల్ ఇంజన్‌లో అలాంటి శూన్యం సరిపడా ఉండదు కాబట్టి దానికి వేరుగా వాక్యూమ్ పంపు అమర్చుతారు. పెడల్ నొక్కనప్పుడు రెండు గదుల్లోనూ శూన్యమే ఉంటుంది. పెడల్ నొక్కగానే ఒక వాల్వు తెరుచుకుని, డ్రైవరు వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది. ఒక వైపు గాలి పీడనం, మరో వైపు శూన్యం ఉండడంతో డయాఫ్రం ముందుకు కదిలి మాస్టర్ సిలిండర్‌ను తోస్తుంది.

25 సెంటీమీటర్ల వ్యాసమున్న డయాఫ్రం మీద వాతావరణ పీడనంలో మూడింట రెండు వంతుల తేడా ఉన్నా, అది సుమారు 300 కిలోల బలం ఇవ్వగలదు. ఇది మన చుట్టూ ఉన్న గాలి ఇచ్చే సాయం. బెల్జియంకు చెందిన ఆల్బర్ట్ దెవాంద్ర్ 1920లలో రూపొందించిన ఇలాంటి ఏర్పాటును జర్మనీలోని బాష్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. బూస్టర్ బలాన్ని పెంచుతుంది. పెడల్ ఎంత దూరం వెళ్ళాలో మాత్రం ఫ్లూయిడ్ నిర్ణయిస్తుంది. పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ దాకా కడ్డీలు వరుసగా కలిసి ఉంటాయి. పిస్టన్ ముందున్న ఫ్లూయిడ్ కదలకపోతే పెడల్ కూడా కదలదు. బూస్టర్ పనిచేయకపోతే అదే దూరాన్ని డ్రైవరు తన కాలి బలంతోనే సాధించాలి. అందుకే పెడల్ గట్టిపడినట్టు ఉంటుంది. బూస్టర్ బాగా పనిచేస్తున్నప్పుడు ఫ్లూయిడ్‌లో ఏదైనా మెత్తదనం ఉంటే, తక్కువ బలంతోనే అది బయటపడుతుంది. ఇంజన్ ఆన్ చేయగానే పెడల్ మెత్తబడడానికి కారణం ఇదే. ఉన్న లోపాన్ని బూస్టర్ మన కాలికి తెలిసేలా చేస్తుంది.

గాలి బుడగ లెక్క

ఫ్లూయిడ్ గొట్టాల్లో ఎక్కడో 5 మిల్లీలీటర్ల గాలి, అంటే ఒక టీ చెంచాడు గాలి చిక్కుకుందనుకుందాం. ఉష్ణోగ్రత మారకుంటే పీడనం పెరిగేకొద్దీ వాయువు ఘనపరిమాణం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. బాయిల్ సూత్రం చెప్పేది ఇదే. పీడనం 10 రెట్లయితే 5 మిల్లీలీటర్లు అర మిల్లీలీటరు అవుతాయి. 50 రెట్లయితే మిగిలేది మిల్లీలీటరులో పదో వంతే.

అంటే ప్యాడ్‌లను నొక్కడానికి వెళ్ళవలసిన ఫ్లూయిడ్‌లో దాదాపు 5 మిల్లీలీటర్లు బుడగను నొక్కడానికే ఖర్చయిపోయింది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు కాబట్టి, ఆ పిస్టన్ 1.6 సెంటీమీటర్లు అదనంగా కదలాలి. పెడల్ మీట 4 రెట్లు కాబట్టి కాలు 6 సెంటీమీటర్లకు పైగా అదనంగా దిగాలి. ఒక చెంచాడు గాలితో పెడల్ నేలకు దగ్గర పడుతుంది. పైగా బుడగ స్ప్రింగులా ఎదురు నెడుతుంది కాబట్టి కాలి కింద స్పాంజిలా అనిపిస్తుంది.

నాలుగు ఫిర్యాదులు ఒకటి కావు

'బ్రేక్ సరిగా పడట్లేదు' అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు లక్షణాలు కలిసిపోతుంటాయి. వాటిని విడదీయడంతోనే సగం పని పూర్తవుతుంది.

మొదటిది స్పాంజి పెడల్. నొక్కేకొద్దీ సాగుతూ, వదిలితే తిరిగి ఎదురు నెడుతూ ఉంటుంది. గొట్టాల్లో గాలి లేదా ఆవిరి ఉన్నా, పాతబడిన రబ్బరు హోస్ ఉబ్బుతున్నా ఇలా ఉంటుంది.

రెండోది లోతు పెడల్. ఎక్కువ దూరం ఊరికే వెళ్ళి, చివరికి గట్టిగా ఆగుతుంది. వెనుక చక్రాల డ్రమ్ములకూ బ్రేక్ షూలకూ మధ్య ఖాళీ పెరగడం దీనికి సాధారణ కారణం. వీల్ బేరింగు వదులై డిస్క్ ఊగుతుంటే ప్యాడ్లు వెనక్కి నెట్టుకుపోయి కూడా ఇలా జరగవచ్చు.

మూడోది జారే పెడల్. నొక్కి పట్టి ఉంచితే మెల్లగా నేల వైపు దిగుతూనే ఉంటుంది. ఫ్లూయిడ్ బయటికి కారుతున్నా, మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు సీళ్ళు అరిగి ఫ్లూయిడ్ వెనక్కి జారుతున్నా ఇలా ఉంటుంది.

నాలుగోది గట్టి పెడల్. కాలు ఎంత నొక్కినా కదలదు, బండి ఆగడం కష్టమవుతుంది. బూస్టర్, దాని వాక్యూమ్ గొట్టం, చెక్ వాల్వు, డీజిల్ కారులో వాక్యూమ్ పంపు మీద అనుమానం రావలసింది ఈ ఒక్క సందర్భంలోనే.

ఇంజన్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి

కారును చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి ఈ పరీక్షలు చేయవచ్చు. ప్రతి పరీక్షా ఒక్క ప్రశ్నకు జవాబిస్తుంది.

ముందుగా ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కి వదలాలి. బూస్టర్‌లో మిగిలి ఉన్న శూన్యం దీంతో ఖర్చయిపోతుంది. ఇక బూస్టర్ సాయం లేదు. ఇప్పుడు పెడల్ ఎత్తులోనే గట్టిగా ఆగాలి. ఇంకా స్పాంజిలా ఉంటే లోపం ఫ్లూయిడ్ వైపే ఉంది. అయితే కాలి బలం మాత్రమే ఉన్నప్పుడు చిన్న మెత్తదనం తెలియకపోవచ్చు. కాబట్టి ఇక్కడ పెడల్ గట్టిగా ఉన్నంత మాత్రాన ఫ్లూయిడ్ వైపు అంతా బాగుందని తేల్చకూడదు.

తరువాత పెడల్‌ను నొక్కి పట్టుకునే ఇంజన్ స్టార్ట్ చేయాలి. బూస్టర్‌కు శూన్యం అందగానే పెడల్ కొద్దిగా కిందికి దిగి ఆగాలి. దిగకపోతే బూస్టర్ సాయం అందడం లేదు. కొద్దిగా దిగి ఆగితే బూస్టర్ పనిచేస్తోంది. ఈ కొద్దిపాటి దిగుడును చూసి లోపమని భయపడనక్కరలేదు.

మూడోది బూస్టర్ శూన్యాన్ని నిలుపుకుంటుందో లేదో చూడడం. ఇంజన్‌ను ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపాలి. మామూలు బలంతో పెడల్‌ను రెండు మూడు సార్లు నొక్కాలి. మొదటిసారి లోతుగా, తరువాత ప్రతిసారీ కాస్త ఎత్తులో ఆగితే బూస్టర్ బాగుంది. మొదటి నొక్కుడుకే గట్టిగా ఉంటే శూన్యం ఎక్కడో కారిపోతోంది.

నాలుగోది నొక్కి పట్టే పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ను ఒకే బలంతో అర నిమిషం పాటు నొక్కి ఉంచాలి. అది జారుతూ పోతే ఫ్లూయిడ్ ఎక్కడికో తప్పించుకుంటోంది. ఈ పరీక్షను గట్టిగా ఒకసారి, తేలికగా ఒకసారి చేయాలి. మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు సీలు పెదవి ఆకారంలో ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే అది గోడకు గట్టిగా అతుక్కుంటుంది. అరిగిన సీలు గట్టి నొక్కుడుకు నిలబడి, సిగ్నల్ దగ్గర తేలికగా నొక్కి ఉంచినప్పుడు జారిపోవచ్చు.

ఐదోది పంపు చేసి చూడడం. రెండు మూడు సార్లు వెంటవెంటనే నొక్కినప్పుడు పెడల్ పైకి లేచి గట్టిపడితే, డ్రమ్ బ్రేకుల ఖాళీ ఎక్కువై ఉండవచ్చు. పైకి లేచినా స్పాంజిలాగే ఉంటే లోపల గాలి ఉంది.

ఫ్లూయిడ్ ఎక్కడికి పోయింది?

పెడల్ జారుతుంటే తరువాత చూడవలసింది రిజర్వాయరు. డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గుర్తులు ఉంటాయి. మట్టం తగ్గుతూ ఉంటే నాలుగు చక్రాల లోపలి వైపు, గొట్టాల కలయికలు, మాస్టర్ సిలిండర్ కింది భాగం తడిగా ఉన్నాయేమో వెతకాలి. వెనుక డ్రమ్ములో వీల్ సిలిండర్ కారుతుంటే టైరు లోపలి గోడ మీద తడి కనిపిస్తుంది. ఎక్కడా తడి లేకుండానే మట్టం తగ్గుతుంటే మాస్టర్ సిలిండర్ వెనుక సీలు గుండా ఫ్లూయిడ్ బూస్టర్‌లోకి చేరుతూ ఉండవచ్చు. ఆ ఫ్లూయిడ్‌ను పెట్రోలు ఇంజన్ వాక్యూమ్ గొట్టం ద్వారా పీల్చుకుంటే పొగ గొట్టం నుంచి తెల్లటి పొగ వస్తుంది.

మట్టం మారకుండా పెడల్ జారుతుంటే, ఫ్లూయిడ్ మాస్టర్ సిలిండర్ లోపలే ఒక గది నుంచి మరో గదికి జారుతోందని అర్థం. దీన్ని రూఢి చేసుకోవడానికి అనుభవమున్న మెకానిక్‌లు మాస్టర్ సిలిండర్ నుంచి వెళ్ళే గొట్టాలు తీసి, ఆ రంధ్రాలను సరైన ప్లగ్గులతో మూసి పెడల్ నొక్కి చూస్తారు. అప్పుడు పెడల్ ఎత్తులో గట్టిగా నిలిస్తే మాస్టర్ సిలిండర్ బాగున్నట్టే, లోపం అవతల ఉంది. అప్పుడూ జారితే మాస్టర్ సిలిండరే మార్చాలి. ఇది ఇంటి దగ్గర చేసే పని కాదు. ఒక్క కలయిక సరిగా బిగించకపోయినా బ్రేక్ పూర్తిగా పోతుంది.

ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఫ్లూయిడ్ వెళుతుంది. కాబట్టి నెలల తరబడి మట్టం మెల్లగా తగ్గడం సహజం. కొన్ని రోజుల్లోనే తగ్గితే అది లీకు. ప్రతిసారీ ఫ్లూయిడ్ పోసి సరిపెట్టుకుంటే లీకు దాగిపోతుందే గాని తగ్గదు.

సముద్రపు గాలిలోని తేమ

వర్క్‌షాపుల్లో అందరూ దీన్ని 'బ్రేక్ ఆయిల్' అంటారు. కార్లలో ఎక్కువగా వాడే బ్రేక్ ఫ్లూయిడ్ నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ల వంటి రసాయనాల మిశ్రమం. పేరు చూసి ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి. ఈ ఫ్లూయిడ్‌కు మరో గుణం ఉంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు హోసుల గోడల గుండా, రిజర్వాయరు మూతకు ఉండే సన్నటి రంధ్రం గుండా తేమ మెల్లగా లోపలికి చేరుతుంది. పుదుచ్చేరి లాంటి తీర పట్టణంలో గాలిలో తేమ ఏడాది పొడవునా ఎక్కువే. యానాం, కాకినాడ, విశాఖపట్నం కార్లకూ ఇదే వర్తిస్తుంది.

ఫ్లూయిడ్‌లో నీరు కలిస్తే మరిగే స్థానం పడిపోతుంది. డాట్ 3 రకం కొత్త ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 140 డిగ్రీలు. డాట్ 4 రకానికి ఇవి 230, 155 డిగ్రీలు. అందుకే కారు తక్కువ తిరిగినా సరే, రెండేళ్ళకు ఒకసారి ఫ్లూయిడ్ మార్చాలని చాలామంది తయారీదారులు సూచిస్తారు. తేమ చేరడానికి కాలం చాలు, కిలోమీటర్లతో పని లేదు.

కదిర్కామం చుట్టుపక్కల తిరిగే కారులో ఈ నీటి సంగతి కాలికి తెలియదు. ఊళ్ళో బ్రేకులు అంత వేడెక్కవు. నీరు కలిసిన ఫ్లూయిడ్ కూడా చల్లగా ఉన్నంతసేపు ద్రవంగానే పనిచేస్తుంది. పైన చెప్పిన ఐదు పరీక్షల్లోనూ పెడల్ నెగ్గుతుంది. లోపం బయటపడేది కొండ దిగేటప్పుడు.

తిరుమల నుంచి దిగుతుండగా

పుదుచ్చేరి నుంచి కారులో తిరుమలకు వెళ్ళివచ్చే కుటుంబాలకు ఈ ప్రయాణం పరిచితమే. తిరుమలకు 1944లో ప్రారంభమైన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి వాడుతున్నారు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు.

మనుషులతో, సామానుతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు 700 మీటర్లు దిగితే సుమారు కోటి జౌళ్ళ శక్తి విడుదలవుతుంది. 30 డిగ్రీల వద్ద ఉన్న 30 లీటర్లకు పైగా నీటిని మరిగే స్థాయికి తేవడానికి ఆ వేడి సరిపోతుంది. గేరు తగ్గించి దిగితే ఇందులో గణనీయమైన భాగాన్ని ఇంజన్ భరిస్తుంది. టాప్ గేరులోనో న్యూట్రల్‌లోనో దిగితే దాదాపు అంతా డిస్కులు, డ్రమ్ముల మీదే పడుతుంది. దిగే సమయం కూడా ముఖ్యమే. ఇదే శక్తి 40 నిమిషాల్లో ఖర్చయితే సగటున 4 కిలోవాట్లు, 20 నిమిషాల్లో ఖర్చయితే 8 కిలోవాట్లకు పైగా. నెమ్మదిగా దిగితే వేడి గాలిలోకి పోవడానికి వ్యవధి దొరుకుతుంది. ఘాట్ రోడ్డు మీద వాహనాలకు కనీస ప్రయాణ సమయం విధించడం వెనుక అతి వేగాన్ని అరికట్టడంతో పాటు ఈ మేలు కూడా ఉంది.

డిస్కు వేడి ప్యాడ్ల గుండా కాలిపర్‌కు, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కు చేరుతుంది. నీరు చేరిన ఫ్లూయిడ్ 150 డిగ్రీల దగ్గర మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. మామూలు పీడనం వద్ద 1 మిల్లీలీటరు నీరు ఆవిరైతే దాదాపు 1,600 మిల్లీలీటర్లవుతుంది. చెంచాడు గాలికే పెడల్ 6 సెంటీమీటర్లు దిగిన లెక్కను గుర్తుచేసుకుంటే, అతి కొద్ది నీరు ఆవిరైనా ఏం జరుగుతుందో ఊహించవచ్చు. పెడల్ ఒక్కసారిగా నేలను తాకుతుంది. దీన్నే వేపర్ లాక్ అంటారు.

ఈ లోపానికి ఒక చిక్కు ఉంది. బండి ఆపి అరగంటో గంటో చల్లారనిస్తే ఆవిరి తిరిగి ద్రవమైపోతుంది. పెడల్ మళ్ళీ మామూలుగా ఉంటుంది. తిరుపతిలో మెకానిక్ చూసేసరికి అంతా సరిగానే కనిపిస్తుంది. అందుకని 'వేడెక్కినప్పుడు పోయింది, చల్లారాక వచ్చింది' అన్న వివరమే ఇక్కడ అసలు ఆధారం. అలాంటి కారులో ఫ్లూయిడ్ మార్చకుండా మళ్ళీ కొండ దిగకూడదు.

ప్యాడ్లు అతిగా వేడెక్కినా బ్రేక్ పట్టు తప్పుతుంది. అప్పుడు పెడల్ మాత్రం ఎత్తులో గట్టిగానే ఉంటుంది, కాలిన వాసన వస్తుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే వేడి ప్యాడ్లను దెబ్బతీసింది. పెడల్ దిగిపోతే ఫ్లూయిడ్‌ను దెబ్బతీసింది.

వరద నీటిలో నిలిచిన కారు

2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. పట్టణంలో 24 గంటల్లో 45 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసి వీధులు నీట మునిగాయి. ఇలాంటి నీటిలోంచి వెళ్ళిన కారులో డిస్కులు, డ్రమ్ములు తడిసి బ్రేక్ సరిగా పట్టదు. అప్పుడు పెడల్ మెత్తబడదు. రాపిడి తగ్గుతుందే గాని ఫ్లూయిడ్ దారిలో మార్పు ఉండదు. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడుపుతూ బ్రేక్‌ను తేలికగా కొన్నిసార్లు నొక్కితే తడి ఆరిపోతుంది.

కారు ఇంజన్ గది దాకా మునిగి ఉంటే సంగతి వేరు. రిజర్వాయరు మూత గుండా నీరు ఫ్లూయిడ్‌లోకి చేరి ఉండవచ్చు. పెడల్ బాగున్నట్టు అనిపించినా ఫ్లూయిడ్ మొత్తం మార్చాలి, డ్రమ్ములు విప్పి బురద శుభ్రం చేయించాలి.

గాలి తీసే పనిలో జాగ్రత్తలు

గొట్టాల్లోని గాలిని తీయడాన్ని బ్లీడింగ్ అంటారు. చక్రం దగ్గరి నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను కొంచెం ఫ్లూయిడ్ ఉన్న సీసాలో ముంచుతారు. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే మరొకరు నిపుల్ వదులు చేస్తారు. బుడగలతో ఫ్లూయిడ్ బయటికి వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి వస్తుంది.

ఈ పని సాగినంతసేపూ రిజర్వాయరు ఖాళీ కాకుండా చూడాలి. బయటికి వచ్చిన ఫ్లూయిడ్‌ను తిరిగి పోయకూడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారును బట్టి మారుతుంది, తయారీదారు సూచించిన వరుసను పాటించాలి. పాత కారులో పెడల్‌ను నేలదాకా తొక్కడం మంచిది కాదు. మాస్టర్ సిలిండర్‌లో రోజూ పిస్టన్ చేరని భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. అక్కడిదాకా వెళ్ళిన సీళ్ళు చీరుకుపోయి కొత్త లోపం మొదలవుతుంది.

ఎన్నిసార్లు గాలి తీసినా పెడల్ స్పాంజిలాగే ఉంటే మూడు విషయాలు చూడాలి. ఒకటి, కాలిపర్లు కుడిఎడమలు మారి నిపుల్ కింది వైపుకు వచ్చిందేమో. గాలి పైన చేరుతుంది కాబట్టి నిపుల్ పైనే ఉండాలి. రెండు, ఒకరు పెడల్ నొక్కుతుంటే రబ్బరు హోస్ ఎక్కడైనా ఉబ్బుతోందేమో. మూడు, ఏబీఎస్ ఉన్న కారులో దాని మాడ్యులేటర్ లోపల గాలి చిక్కుకుందేమో. అక్కడి వాల్వులను స్కానర్‌తో పనిచేయిస్తేనే ఆ గాలి కొన్ని కార్లలో బయటికి వస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ ఇచ్చే శూన్యం ఉండదు. విద్యుత్ వాక్యూమ్ పంపో, మోటారుతో పనిచేసే బూస్టరో ఉంటుంది. కొన్నింటిలో పెడల్ స్పర్శను కూడా యంత్రమే కల్పిస్తుంది. కాబట్టి ఇంజన్ ఆన్-ఆఫ్ పరీక్షలు వాటికి యథాతథంగా వర్తించవు, స్కానర్‌తో చూడాలి.

దారిలో పెడల్ దిగిపోతే

నేటి కార్లలో మాస్టర్ సిలిండర్ రెండు భాగాలుగా ఉంటుంది. ఒక్కో భాగం రెండేసి చక్రాలకు ఫ్లూయిడ్ పంపుతుంది. ఒక వైపు లీకైనా రెండో వైపు పనిచేస్తుంది, కాకపోతే పెడల్ బాగా లోతుకు వెళ్ళాకే బ్రేక్ పడుతుంది. కాబట్టి పెడల్ దిగిందని కాలు తీసేయకూడదు. వెంటవెంటనే పంపు చేస్తూ గట్టిగా నొక్కాలి. ఒక్కో గేరు తగ్గిస్తూ ఇంజన్‌తో వేగం తగ్గించాలి. హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా లాగకుండా, బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. హజార్డ్ లైట్లు వేయాలి. బండి ఆగేదాకా ఇంజన్ ఆపకూడదు. ఆపితే బూస్టర్‌తో పాటు పవర్ స్టీరింగ్ సాయమూ పోతుంది.

అలా ఆగిన కారును అంతటితో నడపడం మానేసి, లాగించుకుని వర్క్‌షాపుకు చేర్చాలి. అక్కడ మెకానిక్‌కు 'బ్రేక్ మెత్తగా ఉంది' అని మాత్రమే చెబితే సరిపోదు. పెడల్ స్పాంజిలా ఉందా, లోతుగా వెళ్ళి ఆగుతోందా, జారిపోతోందా. ఇంజన్ ఆపినప్పుడు ఎలా ఉంది, ఆన్ చేస్తే ఎలా మారింది. పంపు చేస్తే లేచిందా. వేడిగా ఉన్నప్పుడే జరిగిందా. రిజర్వాయరు మట్టం ఎంత తగ్గింది. ఫ్లూయిడ్ చివరిసారి ఎప్పుడు మార్చారు. ఈ వివరాలు చెబితే బూస్టర్ నుంచి వీల్ సిలిండర్ దాకా ఒక్కొక్కటీ మార్చి చూసే అవసరం తప్పుతుంది. మార్చవలసిన భాగం ఏదో విప్పకముందే చాలావరకు తేలిపోతుంది.